వీణ వెనక రెండు చప్పుళ్ళు

కూర్మన్నపాలెంలో మేం అద్దెకున్న మేడమీది వాటాలోకి కంప్యూటర్ వచ్చేనాటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. గాజువాక దాటాక ఉండే ఒక చిన్న ఫ్యాక్టరీలో కంప్రెసర్ ఆపరేటర్ని. పదమూడేళ్ళుగా అదే షెడ్డు, అవే మిషన్లు. మా ఆవిడ దగ్గర్లోని ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేది. మాది గోదావరి వైపు, ఆవిడది విజయనగరం వైపు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

కంప్యూటర్ కొన్నది ఆవిడ పరీక్ష పేపర్లు టైపు చేసుకోవడానికి. నెల తిరిగేసరికి నేను దాన్ని పాటల పెట్టె చేసేశాను. నాకు వీణంటే చిన్నప్పట్నుంచీ ప్రాణం. నా దగ్గరున్న వీణ సీడీలన్నీ అందులోకి ఎక్కించి, వెనకున్న రంధ్రంలోంచి ఒక వైరు లాగి పాత యాంప్లిఫయరుకి కలిపాను. పాట వచ్చింది గానీ, దాంతో పాటు మౌసు కదిపితే చిరచిర, లోపల డిస్కు తిరిగితే గరగర. తీగ మీటాక నాదం సన్నబడుతూ గాలిలో కలిసిపోయే చోటు ఒకటుంటుంది. నేను వీణ వినేదే ఆ చోటు కోసం. సరిగ్గా అక్కడే ఆ చెత్తంతా వినబడేది.

ద్వారకా నగర్లో కంప్యూటర్ సామాన్లు అమ్మే ఒక పెద్దాయనకి ఈ పిచ్చి బాగా తెలుసని ఎవరో చెబితే వెళ్ళాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు.

"కంప్యూటర్లో పాట అంకెల రూపంలో ఉంటుందండీ. ఆ అంకెల్ని మళ్ళీ శబ్దంగా మార్చే చిప్పు ఒకటి కావాలి. మీ కంప్యూటర్లోనూ ఉంది. కానీ ఆ ఫ్యాన్లూ డిస్కుల మధ్య అది పని చెయ్యడమంటే చేపల బజార్లో కూచుని సంగీతం చెప్పడమే. ఆ మార్చే పనేదో బయట పెట్టుకోండి."

అలా బయట పెట్టుకునే డబ్బాని డాక్ అంటారని అప్పుడే తెలిసింది. అరచేతిలో పట్టేంత డాక్ ఒకటి కొన్నాను. యూఎస్‌బీ వైరుతో కంప్యూటరుకి తగిలించడమే, వేరే కరెంటు అక్కర్లేదు.

ఆదివారం పొద్దున్నే బిగించాను. చిరచిర లేదు, గరగర లేదు. చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను. ఆ సంబరం మొదటి ఆలాపన అయ్యేదాకానే. వీణ ఆగిన చోట రెండు చప్పుళ్ళు మిగిలాయి. అడుగున ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడితే వినబడేలాంటి ఘుం. పైన, కుక్కర్ విజిల్ వేసేముందు ఆవిరి సాగినట్టు, సన్నటి కీచు.

ఆ సాయంత్రం నాతో ఒకే షిఫ్టులో పనిచేసే స్నేహితుణ్ణి పిలిచాను. అనకాపల్లి దగ్గర రైతుల ఇంటి మనిషి. మేం ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్ళం.

"ఏటి బావా, ఇదేనేటి కొత్త డబ్బా?" అంటూ వచ్చి స్పీకరు ముందు కూర్చున్నాడు.

పాట ఆపి, యాంప్లిఫయరు మాత్రం ఉంచి, "విను. రెండు చప్పుళ్ళు వస్తున్నాయా?" అన్నాను.

"కింద ఘుమ్మంతంది."

"పైన కీచు?"

అతను స్పీకరుకి చెవి ఆనించాడు. నా మొహం చూశాడు. మళ్ళీ ఆనించాడు.

"కీచేటి బావా? నాకేటీ ఇనబడ్లేదు. నీ సెవుల్లోన కంప్రెసర్ తిరుగుతందేటి?" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. నవ్వుతూనే పాట మళ్ళీ పెట్టేశాను.

మా కంప్రెసర్ షెడ్డులో ఒకరితో ఒకరు మాట్లాడాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. చెవుల్లో పెట్టుకోవడానికి పసుపుపచ్చ స్పాంజి బిరడాలు ఇచ్చేవాళ్ళు. వాటిని జేబులో వేసుకు తిరిగింది నేనే. మిషను గొంతు మారితే మీటర్లు చూడకుండానే చెవితో పట్టేస్తానని నాకు గర్వం. బిరడాలు పెట్టుకుంటే ఆ గొంతు వినబడదు కదా అనేవాణ్ణి. నాకు పని నేర్పిన పెద్ద ఆపరేటరూ అలాగే అనేవాడు. ఆయన రిటైరైన రోజు అందరం మెచ్చుకుంటూ మాట్లాడాం. ఆయన ప్రతి ఒక్కరి పెదాల వంకే చూస్తూ నవ్వుతూ కూర్చున్నాడు. ఒకతను మాట్లాడుతూ ఊపిరి తీసుకోవడానికి ఆగితే, అయిపోయిందనుకుని ఒక్కడే చప్పట్లు కొట్టాడు. ఎవరూ నవ్వలేదు. బావ వెళ్ళిపోయాక ఆ ఒంటరి చప్పట్లు నాకు గుర్తొచ్చాయి, ఇక ఎంత తోసినా పోలేదు.

కీచు డబ్బాలోనిదే అని తేల్చుకోవడమే నాకు పనైంది. నిజానికి తేల్చుకోవడం చాలా సులువు. అన్నీ ఆపేసి నిశ్శబ్దంలో ఒక్క నిమిషం కూర్చుంటే చాలు. ఆ ఒక్క నిమిషం కూర్చోవడానికే నాకు ధైర్యం చాలలేదు. టేబుల్ దగ్గరికి వస్తూనే ఫ్యాను వేసేవాణ్ణి, కిటికీ తెరిచేవాణ్ణి. డబ్బాని మాత్రం అన్ని రకాలుగా సరిచేస్తూ పోయాను.

కంప్యూటరు తనకొచ్చే శబ్దాలన్నిటినీ ఒక చోట కలిపి, సీడీలోని అంకెల లెక్క మార్చి గానీ బయటికి పంపదని చదివి, ఆ కలిపే చోటుని తప్పించి పాట నేరుగా డాక్‌కి వెళ్ళే ప్రోగ్రాం ఎక్కించాను. ముందుగా ఎంత పాట నింపి ఉంచుకోవాలో చెప్పే అంకెని తగ్గించాను. తగ్గిస్తే టక్కుటక్కుమంది, పెంచాను. పాట నడిచేటప్పుడు వైరస్‌లు వెతికే ప్రోగ్రాం ఆపేశాను. యూఎస్‌బీ వైరు ముందు నుంచి తీసి వెనక పెట్టాను, పొడుగుది మార్చి పొట్టిది వేశాను. ప్రతి మార్పు తర్వాతా కీచు కొంచెం తగ్గినట్టే ఉండేది. మర్నాడు షిఫ్టు నుంచి వచ్చి కూర్చుంటే మళ్ళీ అంతే.

ఘుం సంగతి వేరు. అది ఒకోసారి ఉండేది, ఒకోసారి ఉండేది కాదు. సెకండ్ షిఫ్టు వారాల్లో పొద్దుటి పూట ఇంట్లో పాట పెట్టుకుంటే, మా ఆవిడ స్నానానికి గీజర్ వేయగానే ఘుం రెట్టింపయ్యేది.

"నేను వింటున్నప్పుడు గీజర్ వేయకు," అన్నాను ఒకరోజు.

"నా స్తానానికీ మీ పాటకీ ఏటండి సంబందం?" అంది.

సంబంధం ఏమిటని నేనూ ఆలోచించి ఉండాల్సింది. పాట పాడవుతోందన్న విసుగు తప్ప నాకు ఇంకేమీ తట్టలేదు. పాపం, బడికి టైమవుతున్నా నా పాట అయ్యేదాకా ఆగి అప్పుడు వేసుకునేది.

మళ్ళీ ద్వారకా నగర్ వెళ్ళాను. ఘుం గురించి చెప్పాను. కీచు గురించి చెప్పలేదు. పెద్దాయన ఇంకో డాక్ తీసి చేతిలో పెట్టాడు. బరువైనది, ఇనప డబ్బా. దాంతో పాటు చేపలు పట్టే గేలం తీగలా ఉన్న ఒక వైరు, కంప్యూటర్లో వేసుకోవడానికి ఒక కార్డు ఇచ్చాడు.

"ఇది లోహపు తీగ కాదండీ. ఇందులో పాట వెలుతురుగా వెళ్తుంది. కరెంటు పారదు. ఒక వారం వాడి చూడండి."

బిగించాను. ఘుం మాయమైంది. గీజర్ వేసినా లేదు. ఆనందం పట్టలేక కింద కొట్టు నుంచి ఆయనకి ఫోన్ చేశాను. ఆయన ఆనందపడలేదు.

"కరెంటు పారని తీగ వేస్తే ఘుం పోయిందంటే, ఇన్నాళ్ళూ ఆ తీగలో పారకూడని కరెంటు పారిందనేగా? మీ ఇంట్లో ఎర్తు సరిగ్గా లేదేమో. ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించండి. ఆలస్యం చేయొద్దు."

సరేనన్నాను. పిలవలేదు. ఇంటి ఓనర్‌ని అడగాలి, గోడ తవ్వాలి అంటారు, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. అసలు సంగతేమిటంటే నాకు కావలసింది దొరికేసింది. ఘుం పోయింది. మిగిలిన కీచు గురించిన భయంలో ఇంకే భయానికీ చోటు లేదు.

రెండు రోజుల తర్వాత ఆవిడ అన్నం వడ్డిస్తూ, "గీజర్ కొళాయి ముట్టుకుంటే సీమ కుట్టినట్టు జిల్లుమంతందండి," అంది.

"తడి చేతులు కదా," అన్నాను. ఆ మాట అన్న నోరు నాదే.

అది జరిగిన మూడో రోజు పొద్దున్న. ఆవిడ గీజర్ వేసుకుని స్నానానికి వెళ్ళింది. కొత్త డబ్బాకీ పాతదానికీ కీచులో తేడా చూద్దామని, పాత డాక్ తగిలించడానికి కంప్యూటరు వెనక్కి చెయ్యి పెట్టాను. ఇనప రేకు తగిలింది. చెయ్యి భుజం దాకా విసిరేసినట్టయింది. మోచెయ్యి గోడకి కొట్టుకుంది. సొరుగులోంచి టెస్టర్ తీసి రేకు మీద పెట్టాను. లోపలి చిన్న బల్బు ఎర్రగా, నిండుగా వెలిగింది.

పెద్దాయన మాట, గీజర్ వేయగానే పెరిగే ఘుం, చీమ కుట్టినట్టు అన్న కొళాయి, మూడూ ఒక్కసారిగా కలిసిపోయాయి. బాత్రూంలోంచి నీళ్ళ చప్పుడు వస్తోంది.

ఆవిణ్ణి పిలిచాను. జవాబు లేదు. తలుపు బాదాను. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తలుపు దగ్గర ఇంకో క్షణం నిలబడాలో, మెయిన్ దగ్గరికి పరిగెత్తాలో తెలియలేదు. గుమ్మం పక్కనున్న మీటరు బోర్డు పది అడుగుల దూరం. ఆ పది అడుగులూ ఎలా దాటానో గుర్తులేదు. మెయిన్ లాగేశాను. నెత్తిమీద ఫ్యాను నెమ్మదించింది. వంటింట్లో ఫ్రిజ్ ఒకసారి వణికి ఆగింది. నీళ్ళు మాత్రం అలాగే పడుతున్నాయి.

అప్పుడు కొళాయి కట్టేసిన చప్పుడు. తర్వాత ఆవిడ గొంతు.

"కరెంటు పోయిందేటండి?"

మీటరు బోర్డు కిందే నేల మీద కూలబడ్డాను. ఇల్లంతా నిశ్శబ్దం. ఫ్యాను లేదు, ఫ్రిజ్ లేదు, కంప్యూటర్ లేదు. యాంప్లిఫయరు చచ్చిపడి ఉంది. ఇన్ని నెలలుగా నేను తప్పించుకు తిరిగిన ఆ ఒక్క నిమిషం, నేను కోరకుండానే వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ నిశ్శబ్దంలో కీచు ఉంది. ఎప్పటిలాగే సన్నగా, ఎక్కడా తెగకుండా, ఎడమవైపు.

ఆవిడ మెడ మీద సబ్బు నురగతోనే, చీర చుట్టుకుని బయటికొచ్చింది.

"ఏటలగ కూకున్నారు? ఏటైంది?"

గీజర్ సంగతి చెప్పాను. టెస్టరు చూపించాను. ఆవిడ తన చేతిని ఒకసారి చూసుకుంది.

"మూడ్రోజుల కిందటే సెప్పేను కదండి," అంది. అంతే. తిట్టి ఉంటే బావుండేది.

"ఇంకోటి కూడా ఉంది," అన్నాను. చెవి గురించి చెప్పాను. పాట లేకపోయినా, కరెంటు లేకపోయినా వినబడుతోందని చెప్పాను. ఆవిడ నా పక్కన నేల మీద కూర్చుని, "ఎన్నాళ్ళనుంచి?" అని మాత్రం అడిగింది.

దువ్వాడ నుంచి ఎలక్ట్రీషియన్ మధ్యాహ్నానికి వచ్చాడు. మేడ వెనక గోడ దగ్గర ఎర్తు వైరు నేలలోకి దిగే చోటు చూపించాడు. తుప్పు పొడి తప్ప అక్కడ తీగ లేదు.

"ఉప్పుగాలికి తినేసింది సార్. గీజర్ లోపల కాయిల్ పగిలి బాడీలోకి కరెంటు ఒగ్గేస్తంది. అది భూమిలోకెల్లడానికి దారి లేదు. ఇంట్లో ఎర్తు వైర్లన్నీ ఒకదానికొకటి కలిసే ఉంటాయి కదా, మీ కంప్యూటర్లోకీ ఫ్రిజ్‌లోకీ ఎక్కేసింది. ఇంకొన్నాళ్ళు ఒగ్గేస్తే ఏటయ్యేదో సెప్పలేం."

కొత్త ఎర్తు వేశాడు. కరెంటు ఎక్కడ లీకైనా ఠక్కున పడిపోయే స్విచ్చి ఒకటి మీటరు పక్కన పెట్టాడు. గీజర్ విప్పి తీసుకెళ్ళిపోయాడు. చాలా రోజులు మా ఇంట్లో స్టవ్వు మీదే నీళ్ళు కాగాయి.

తర్వాతి వారం ఆవిడ బడికి సెలవు పెట్టి మరీ నన్ను ద్వారకా నగర్లో చెవి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. శబ్దం వినబడగానే నొక్కాలి. మొదట కుడి చెవి. వినబడింది, నొక్కాను. వినబడింది, నొక్కాను. తర్వాత ఎడమ చెవి. కాసేపు బానే ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. అద్దం అవతల పరీక్ష చేసే అమ్మాయి చెయ్యి మీట మీద కదులుతూనే ఉంది. అంటే శబ్దం వస్తోంది. నాకు వినబడేది నా కీచు ఒక్కటే. ఊరికే బటన్ నొక్కేద్దామా అనిపించింది. నిజంగా బొటనవేలు బిగించాను కూడా. ఆ అమ్మాయి వెనక నిలబడి మా ఆవిడ అద్దంలోంచి నన్నే చూస్తోంది. వేలు వదులు చేశాను. నొక్కకుండా అలా కూర్చోవడం మెయిన్ దగ్గరికి పరిగెత్తడం కంటే కష్టమైంది.

డాక్టరమ్మ కాగితం చూపించింది. కుడి చెవి గీత సన్నటి శబ్దాల దగ్గర కొంచెం వంగింది. ఎడమ చెవి గీత ఒక చోట నూతిలోకి దిగినట్టు దిగిపోయింది.

"పోయింది తిరిగి రాదు. మోతలో చెవులు మూసుకుంటే ఉన్నది నిలబడుతుంది. కీచు మీ చెవి చేస్తున్నదే. దానికి భయపడినకొద్దీ పెద్దగా వినిపిస్తుంది."

"పాటలు వినొచ్చాండీ?" అని అడిగింది మా ఆవిడ. నేను అడగలేకపోయాను.

"వినొచ్చు. సౌండు తగ్గించి."

ఫ్యాక్టరీలో చెప్పడానికి వారం పట్టింది. చెబితే పనికిరాడని పక్కన పెట్టేస్తారేమోనని భయం. మా సూపర్‌వైజర్ కాగితం చూసి, చెవుల మీద పెట్టుకునే పెద్ద డిప్పలు తెప్పించాడు. వారం విడిచి వారం నన్ను మోత తక్కువుండే పంపుల దగ్గరికి వేశాడు. డిప్పలతో తిరుగుతుంటే అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసింది బావే.

ఒక సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర ఇద్దరమే ఉన్నాం. తాళం తీస్తూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఏ డాక్టరు బావా అది?"

"ఎందుకు?"

"ఆరోజు మీ ఇంట్లోన నాకూ కీచు ఇనబడింది. నాను ఎక్కడికెల్లినా ఇనబడద్ది. మా కల్లంలో కూకున్నా ఇనబడద్ది. నీ డబ్బాది కాదని తెలుసు నాకు. అందుకే లేదన్నాను." సైకిలు బయటికి లాగుతూ, "బయమేసింది బావా," అన్నాడు.

స్పీకరుకి రెండుసార్లు చెవి ఆనించి నవ్వేసిన మనిషి మొహం అప్పుడు నాకు వేరేగా అర్థమైంది. ఆ శనివారం ఇద్దరం కలిసే వెళ్ళాం. ఈసారి అద్దం అవతల నిలబడింది నేను.

ఇంక డాక్ ఏది ఉంచుకోవాలన్నది మిగిలింది. పెద్దాయన వారమని ఇచ్చిన డబ్బా నెల దాటినా మా ఇంట్లోనే ఉంది. ఎర్తు బాగయ్యాక చిన్నదాంట్లోనూ ఘుం లేదు. రెండిట్లో ఏది మేలో తేల్చుకుందామని ఒకే ఆలాపన మార్చి మార్చి విన్నాను. తేడా లేదు. నాకు తేడా లేదు, అంతే. ఆ ముక్క పైకి అనడానికి కొంచెం సేపు పట్టింది.

మా ఆవిణ్ణి పిలిచి, టేబుల్ వైపు వీపు పెట్టి కూర్చోమన్నాను. ఏది పెట్టానో చెప్పకుండా నాలుగుసార్లు మార్చాను. ఆవిడకి సంగీతం రాదు, ఆసక్తీ అంతంత మాత్రమే. నాలుగుసార్లూ ఒకే మాట చెప్పింది.

"ఈ దాంట్లోన తీగ మీద ఏలు జారతన్నప్పుడు గరుకు తెలస్తంది. ఆ రెండోది నున్నగా ఉంది. నాకైతే గరుకుదే బాగుంది."

గరుకుది చిన్న డబ్బా. బరువైనదాన్ని పెద్దాయనకి తిరిగిచ్చేశాను. ఎవరి చెవులతో ఎంచానో చెబితే ఆయన తల ఊపాడు.

ఇప్పటికీ ఏటా ఒకసారి ఆ అద్దాల గదిలో కూర్చుంటాను. గీత మరీ కిందికి దిగలేదు. కానీ హెడ్‌ఫోన్లు పెట్టి తలుపు మూయగానే ప్రతిసారీ అరచేతులు చెమర్చి బటన్ జారిపోతూ ఉంటుంది. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, కళ్ళు మూసుకుని, రాబోయే శబ్దం కోసం ఎదురుచూస్తాను.